పాత బొమ్మను దిద్దొచ్చా?

2011లో, ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, ల్యాబ్ రికార్డు పుస్తకంలో 40 పేజీల కామిక్ గీశాను. హాస్టల్ గది, మెస్సు, సప్లీలు, అర్ధరాత్రి మ్యాగీ. నలుగురైదుగురు చదివి నవ్వారు. తర్వాత అది గుంటూరులో మా ఇంటి అటకెక్కింది. ఇప్పుడు బొమ్మలే నా బతుకుతెరువు. పోయిన సంక్రాంతికి వెళ్తే అమ్మ అటక దులుపుతూ "ఇది పాత పేపర్లవాడికి వేసెయ్యనా?" అంది. వద్దని హైదరాబాద్ తెచ్చుకున్నాను. 200 కాపీలు సొంతంగా వేసుకుందామని.

మొదటి తలనొప్పి రూళ్లతో వచ్చింది. రికార్డులో కుడివైపు పేజీలన్నిటికీ నీలం గీతలుంటాయి కదా. స్కాన్ చేసి బ్లూ ఛానెల్ ఒక్కటే ఉంచితే నీలం తెల్లబడి మాయమైపోతుంది, నలుపు మిగుల్తుంది. కానీ సగం పేజీలు నేను నీలం బాల్‌పెన్నుతోనే గీశాను. రూళ్లు పోతే బొమ్మా పోతుంది. సరే, ఆ పేజీలు తిరగ్గీద్దాం అనుకున్నా. 16వ పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అక్కడ మా రూమ్మేటు ఉన్నాడు. శ్రీకాకుళం వాడు. నిజానికి కామిక్ అంతా అతనే జోకు. ఇంతింత పళ్లు, నోరు తెరిస్తే యాస, అది వినగానే చుట్టూ ఉన్నవాళ్లు కిందపడి దొర్లడం. అప్పట్లో చదివి అతనూ నవ్వాడు. ఇన్నేళ్లూ ఆ నవ్వునే అనుమతి కింద లెక్కేసుకున్నాను.

ఎలాగూ తిరగ్గీస్తున్నాను కాబట్టి దిద్దేయడం తేలిక. పళ్లు తగ్గించి, యాస తీసేస్తే ఎవరికీ తెలీదు. కానీ దానివల్ల బాగుపడేది ఎవరు? నేనే. ఇరవయ్యో ఏటికే ఎంత సంస్కారమో అనుకుంటారు. బెల్జియం కార్టూనిస్టు ఎర్జే ఇలాంటి పనే చేశాడు. 'టిన్‌టిన్ ఇన్ ద కాంగో' తొలి రూపంలో టిన్‌టిన్ కాంగో పిల్లలకు బెల్జియమే వాళ్ల దేశమని పాఠం చెబుతాడు. 1946లో రంగుల్లో తిరగ్గీసినప్పుడు ఆ పాఠం కూడికల లెక్క అయిపోయింది. పిల్లల మొహాలు మాత్రం అవే వెక్కిరింపు మొహాలు.

ఆర్ట్ స్పీగల్‌మన్ దారి వేరు. తల్లి ఆత్మహత్య మీద 1972లో గీసిన నాలుగు పేజీల్ని 1986 నాటి 'మౌస్' మొదటి భాగంలో అలాగే పెట్టేశాడు. పుస్తకమంతా ఎలుకలు, పిల్లులు. ఆ నాలుగు పేజీల్లో మనుషులు. పాత పేజీని పట్టుకున్న చెయ్యి కూడా కనిపిస్తుంది. నిజాయితీ అంటే ఇదే అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, ఆ పేజీల్లో ఖైదీ బట్టలేసుకున్నది అతనే. నా పేజీల్లో నేను గాగుల్స్ పెట్టుకుని ఉన్నాను.

ఉన్నదున్నట్టు వేసి, ముందుమాటలో "అప్పుడు నాకు బుద్ధి లేదు" అని రాసుకోవచ్చు. చాలామంది చేసేదే. అందులో తప్పూ నాదే, క్షమాపణా నాదే, పుస్తకం అమ్ముకునేదీ నేనే. అతని పళ్లు మాత్రం మళ్లీ 200 కాపీల్లో.

ఫోన్ చేశాను. నువ్వప్పుడు నవ్వావు కదరా అన్నాను. (అతను అన్నది అన్నట్టు రాయడానికి ఇప్పుడు చెయ్యి రావట్లేదు, నా మాటల్లోనే చెప్తాను.) అందరూ నవ్వుతుంటే ఒక్కడే మొహం ముడుచుకుని అదే గదిలో ఇంకో ఏడాది ఎలా ఉంటాడు అన్నాడు. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. పేజీలు పంపమన్నాడు.

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. ప్రింట్ తీసుకుని ఎర్ర పెన్నుతో దిద్దాడు. పళ్ల జోలికి పోలేదు. మాటలు దిద్దాడు. తన నోట్లో నేను "ఏంది" అని పెట్టిన ప్రతిచోటా కొట్టేసి "ఏటి" అని రాశాడు. ఒకచోట పక్కన చిన్న అక్షరాల్లో: ఏంది మీది.

నిజమే. అది మా గుంటూరు మాట. మా నాయనమ్మ రోజుకు నూరుసార్లు అనేది. కాలేజీకొచ్చాక నేను దాన్ని దాచుకున్నాను. పక్క మంచం మీద మూడేళ్లుగా ఉన్న మనిషి ఎలా మాట్లాడతాడో వినకుండా, నేను దాచుకున్న మాటే అతని నోట్లో పెట్టి నలుగురితో కలిసి నవ్వాను.

వేయమంటావా వద్దా అంటే చెప్పలేదు. రూళ్లు కూడా తీయకుండా, నా నీలం గీతల మీద అతని ఎర్ర దిద్దుబాట్లతో సహా వేయాలని నాకుంది. రంగుల్లో అయితే ఖర్చు పెరుగుతుందని ప్రెస్సాయన అన్నాడు, అది పర్లేదు. కానీ ఈ ఆలోచన కూడా నాదే కదా. అతని దిద్దుబాటుని నా పుస్తకానికి అలంకారంగా వాడుకోవడం కాదా ఇది?

నిన్న మెసేజ్ పెట్టాను. దిద్దుబాట్లు నీ పేరుతో వేయనా, వచ్చిన డబ్బులో సగం పంపనా అని. బ్లూ టిక్కులు పడ్డాయి. ప్రెస్‌కి ఇంకా ఏమీ ఇవ్వలేదు.