చరిత్ర చదువుకు పూచీ ఎవరు?

చరిత్రలో ఎం.ఏ. చేస్తే ఏమొస్తుందని అడిగే తల్లిదండ్రులను చూసి మన సాహిత్య మిత్రులు నవ్వుతారు. నేను నవ్వలేను. కామర్సు చదివి, ఇన్నేళ్లుగా బ్యాంకులో జమాఖర్చులు చూస్తున్నవాణ్ణి. అప్పు తీర్చవలసినవాడికి జీతం సంగతి అడిగే హక్కు ఉంది.

లెక్క దాచకుండా చెబుతాను. విద్యా ఋణం నాలుగు లక్షల వరకు మార్జిన్ లేకుండా, ఏడున్నర లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా దొరుకుతుంది. సాధారణంగా చదువు ముగిసిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. ఎం.ఏ. రెండేళ్లు. కాలేజీలో పాఠం చెప్పాలంటే నెట్, సెట్ వంటి పరీక్ష గాని, పిహెచ్.డి. గాని కావాలి. బడిలో చెప్పాలంటే బి.ఎడ్. మరో రెండేళ్లు. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అయితే అది కొద్దిమందికే. పురావస్తు శాఖలోనూ, ఆర్కైవ్సులోనూ ఖాళీలు తక్కువ. ఇదంతా చెప్పకుండా పిల్లవాడికి ఆశ పెట్టడం అన్యాయం.

ఇక రెండో పద్దు చూద్దాం. పలమనేరు వైపు కొండల్లోంచి వచ్చే కౌండిన్య నది మా మోర్ధానా దాటి, గుడియాత్తం మీదుగా పాలారులో కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు, గుడియాత్తం రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. ఆనాటి ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరు ఆర్కైవ్సులో ఉన్నాయి. కల్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతులు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. వేలూరు కోటంటే అందరికీ 1806 తిరుగుబాటు గుర్తుకొస్తుంది. అంతకుముందు అరవీటి రాజుల చివరి రాజధాని కూడా అదే. ఈ సీమ చరిత్ర రాయాలంటే తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ కావాలి. మన పిల్లలకు ఇంట్లో ఒకటి, వీధిలో ఒకటి పుట్టుకతోనే వస్తున్నాయి. కాని 2006లో తమిళాన్ని నిర్బంధం చేస్తూ చట్టం వచ్చాక, తెలుగు మాట్లాడగలిగీ చదవలేని పిల్లలు మన ఇళ్లలో పెరిగారు.

అందుకే మన సభల్లో, "మనలో ఎవరో ఒకరు చరిత్ర చదవాలి" అంటాం. నాకు మింగుడుపడనిది ఆ "ఎవరో ఒకరు" అన్న మాటే. మన పిల్లవాడు ఇంజనీరు కావాలి, ఎదురింటి నేతగాడి కొడుకు శాసనాలు చదవాలి! అందరి అవసరాన్ని ఒక పేద ఇంటి నెత్తిన పెట్టే హక్కు మనకెక్కడిది?

కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీ దగ్గర జీతానికి పనిచేశారు. వారి తెలివికి కూలి ఇచ్చిన చేయి ఉండబట్టే ఆ కైఫీయతులు మిగిలాయి. బ్యాంకులో పూచీ సంతకం పెట్టినవాడు నష్టంలోనూ పాలు పంచుకుంటాడు. సమాజమూ అంతే. ఒక విద్యార్థికి ఫీజు కట్టడం, ఆర్కైవ్సుకు వెళ్లడానికి బస్సు ఖర్చులివ్వడం, ఊరి చరిత్ర రాయించి ప్రతిఫలం ముట్టజెప్పడం: ఇవీ మన సంతకాలు.

పిల్లవాడే ఇష్టపడి వస్తే, ఉద్యోగం లేదని అడ్డుపడే హక్కూ మనకు లేదు. బాగా ఎంచుకోమని మాత్రం చెప్పవచ్చు. దగ్గరలో తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం ఉంది. మద్రాసు, తిరుపతి, హైదరాబాదు విశ్వవిద్యాలయాలున్నాయి. పేరు చూసి చేరకూడదు. పాఠం చెప్పేవారు ఏ కాలం మీద పనిచేశారు, శాసన లిపి నేర్పుతారా, మూల పత్రాలు చేతికిస్తారా అని అడగాలి. బి.ఎడ్. వంటి రెండో దారి ఒకటి ఉంచుకోవాలి. సివిల్సులో చరిత్ర ఐచ్ఛికంగా తీసుకుంటే 500 మార్కులకు ఈ చదువు పనికొస్తుంది. అయితే అందరూ గట్టెక్కే పరీక్ష కాదది.

చరిత్ర చదువు నష్టమా లాభమా అన్నది చదివేవాడి లెక్క. ఆ నష్టంలో మన వాటా ఎంత అన్నది మన లెక్క. రెండోది తేల్చకుండా మొదటిదాని మీద సలహాలివ్వడం ధర్మం కాదని నా అభిప్రాయం.