నోటుపుస్తకంలో పువ్వు

ఇరాన్‌లో కోకర్ అనే పల్లె. అహ్మద్ బడి నుంచి వచ్చి సంచీ విప్పితే రెండు నోటుపుస్తకాలు కనిపించాయి. అట్టలు ఒకేలా ఉండడంతో పక్కన కూర్చునే నేమత్‌జాదేది కూడా వచ్చేసింది. ఇంకోసారి హోంవర్కు పుస్తకంలో రాసుకురాకపోతే బడిలోంచి పంపేస్తానని ఆ పూటే మాస్టారు ఆ పిల్లాణ్ణి ఏడిపించాడు. 1987లో అబ్బాస్ కియరోస్తమీ తీసిన ‘స్నేహితుడి ఇల్లెక్కడ’ సినిమాకి కథ ఇంతే.

పుస్తకం ఇచ్చి రావాలని అహ్మద్ వాళ్లమ్మకి చెబుతాడు. మళ్లీ చెబుతాడు. ఆవిడ బట్టలుతుకుతూ ముందు హోంవర్కు చేసుకోమంటుంది, మధ్యలో చంటిపాపని చూడమంటుంది. తాత ఆపి సిగరెట్లు తెమ్మంటాడు. ఆయన దగ్గర సిగరెట్లున్నాయి, మనవడికి మాట వినడం అలవాటు చేయాలని ఆయన తాపత్రయం. వీళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, పిల్లాడి మాట చివరిదాకా వినే తీరికే లేదు. పాతికేళ్ల వయసులో చూసినప్పుడు నేను అహ్మద్‌తో పాటు స్నేహితుడి ఇల్లు వెతుక్కుంటూ మెలికల కొండదారిలో పరుగెత్తాను. ఇప్పుడు చూస్తుంటే ఆ తల్లి మాటలే రోజూ నా నోట వస్తున్నాయని గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది.

స్నేహితుడి ఇల్లు దొరకదు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి అన్నం కూడా తినడు. గాలికి తలుపు కొట్టుకుంటుంటే కింద కూర్చుని ఇద్దరి హోంవర్కూ రాస్తాడు. పొద్దున మాస్టారు నేమత్‌జాదే పుస్తకం తెరిస్తే కాగితాల మధ్య చిన్న పువ్వుంటుంది. రాత్రి దారి చూపిన ముసలి వడ్రంగి ఇచ్చిన పువ్వు. బాగుందని మాస్టారు ముందుకెళ్లిపోతాడు.

మీసం మొలిస్తే, ఉద్యోగం వస్తే, పెళ్లయితే పెద్దవాడయ్యాడంటాం. నాకు మాత్రం అహ్మద్ ఆ రాత్రే పెద్దవాడయ్యాడనిపిస్తుంది, ఇంట్లో ఎవరికీ తెలియకుండా.

సత్యజిత్ రే 1955లో తీసిన ‘పథేర్ పాంచాలీ’లో అపూ కూడా అంతే. పక్కింటి పూసలదండ దొంగిలించావని అక్క దుర్గని అందరూ నిలదీశారు. తను తీయలేదంది. తర్వాత జబ్బుచేసి చనిపోయింది. ఊరొదిలి కాశీకి వెళ్లేందుకు సామాను సర్దుతుంటే, అరమీది చిప్పలో ఆ దండ అపూ కంటబడుతుంది. క్షణం చూస్తాడు. పరుగెత్తుకెళ్లి చెరువులోకి విసిరేస్తాడు. నాచు విడిపోయి, నల్లటి నీళ్లు కనిపించి, నెమ్మదిగా మళ్లీ కమ్ముకుంటుంది.

ఎడ్లబండిలో అమ్మానాన్నలతో కూర్చుంటాడు. అమ్మకి ఏమీ తెలియదు.