ఓర్పును బోధించువారు

మన యిండ్లలో ఉపదేశములకు కొదువ లేదు. వానిలో మిక్కిలి చౌకయైనది "ఓర్చుకొనుము" అనునది. కోడలికి అత్తయు, కూలివానికి యజమానుడును, విద్యార్థికి ఉపాధ్యాయుడును, రోగికి పరామర్శింపవచ్చిన చుట్టమును దీనినే చెప్పుచుందురు. చెప్పువానికి ఇందువలన దమ్మిడీ ఖర్చు లేదు. మేమును ఇరువది సంవత్సరములుగా పాఠశాలలో దీనిని ధారాళముగా పంచిపెట్టుచునే యున్నాము. ఈ పంపకమును గూర్చి మాకు సందేహము కలిగించిన సంగతి యొకటి మొదట విన్నవించి, పిదప విషయములో ప్రవేశింతుము.

మేము నివసించు పటేల్‌గూడ మొన్నమొన్నటివరకు చేలుగల పల్లె. ఇప్పుడా చేలలో హద్దురాళ్లు పాతి ఇండ్లస్థలములు చేసిరి. పటాన్‌చెరు, బొల్లారము కర్మాగారములలో పనిచేయు కుటుంబములు పెక్కు ఈ ప్రాంతమున అద్దెకుండును. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి కుటుంబములోని యిల్లాలొకతె, క్రైస్తవురాలు, మా యింటికి వచ్చెను. ఆమె భర్త యొక గుత్తేదారుని క్రింద పనిచేయుచు యంత్రమునబడి కుడిచేతి మూడు వ్రేళ్లు పోగొట్టుకొనెను. గుత్తేదారు ఆసుపత్రి ఖర్చులో కొంత యిచ్చి, పిమ్మట మొగము చాటువేసెను. మాకు ఇంగ్లీషు వచ్చునని విని, అర్జీ వ్రాసిపెట్టుమని ఆమె కోరెను. ఆ దినమున మాకు పరీక్షాపత్రములు దిద్దు పని యుండెను. అదియొక్కటే కారణమన్నచో అసత్యమగును; పలుకుబడిగలవారితో మనకేల వైరమను పిఱికితనమును ఉండెను. "అమ్మా, మీ గ్రంథమే ఓర్పును బోధించుచున్నది గదా, కొంతకాలము ఓర్చి చూడుడు" అంటిమి. మేము క్రైస్తవులము కాము. అయినను పరుల శాస్త్రమును పరులకే వల్లించు ధైర్యము మాకు ఎక్కడనుండియో వచ్చెను. ఆమె కోపపడలేదు. "ఓర్సుకోలేక గాదు సారూ, ఓర్సుకుంటున్న గనుకనే అర్జీ రాయమంటున్న" అనెను.

ఈ వాక్యమున ఏదియో అన్వయదోషమున్నదని మేము మొదట భావించితిమి. దోషము మా వ్యాకరణమునందే యున్నదని తెలియుటకు చాలదినములు పట్టినది.

తెలుగు బైబిలులో ఓర్పు, సహనము, దీర్ఘశాంతము అను మూడు మాటలు వాడబడినవి. దీర్ఘశాంతమనగా కోపమును త్వరపడనీయకుండుట. ఇది ఎదుటివాని విషయమున చూపవలసిన గుణము. ఓర్పన్నచోట గ్రీకు మూలమున సాధారణముగా కనబడు పదము హుపొమొనె. దానిని విడదీసినచో "క్రింద నిలిచియుండుట" అని తేలును. బరువు మీద పడినప్పుడు తొలగిపోక, కూలిపోక, అక్కడనే నిలుచుట. నిలుచుట యనగా పడియుండుట కాదు. ఇక మన సంస్కృతమున క్షమయని యొక మాటయు, తితిక్షయని యొక మాటయు కలవు. క్షమ యనగా భూమి కూడ. త్రవ్వినను దున్నినను పలుకక భరించునది. స్త్రీని భూదేవితో పోల్చుట మన కవులకు పరిపాటి. పోల్చినవారిలో నాగలిక్రింద పరుండి చూచినవారు మాత్రము లేరు. తితిక్ష యన్ననో, "తిజ్" అను ధాతువునుండి వచ్చినది. ఆ ధాతువునకు వాడిచేయుట యని యర్థము. సానరాతిమీద కత్తియు ఒరపిడిని సహించును గాని, ఆ సహనమువలన అరిగిపోవుటకు బదులు పదునెక్కును. ఆ యిల్లాలు పలికిన ఓర్పు తితిక్ష. మేము బోధించినది ఆమెను మన్నుచేయు క్షమ.

క్రైస్తవులలో ఓర్పునకు యోబు ఉదాహరణము. యాకోబు వ్రాసిన పత్రికలోనే ఆయన సహనము ప్రశంసింపబడినది. కాని ఆ ప్రశంసనే విని యోబు గ్రంథమును తెఱచువారు ఆశ్చర్యపడక తప్పదు. నలువదిరెండు అధ్యాయములలో మొదటి రెండింటిలోనే యోబు మనమనుకొను ఓర్పుగల యోబు. మూడవదానిలో తాను పుట్టిన దినమునే శపించును. అటుపిమ్మట స్నేహితులతో వాదించును. దేవునితోనే వ్యాజ్యెమాడుదునని పట్టుపట్టును. ఊరకుండుమని, తప్పు నీదేయని, నీతివాక్యములు వినిపించువారు ఆ స్నేహితులు. చివరకు దేవుడు కోపించినది వారిమీద. సరిగా మాటలాడినవాడు యోబని తీర్పు. ఆ స్నేహితులు మొట్టమొదట వచ్చినప్పుడు ఏడు దినములు నోరు మెదపక అతనితోపాటు నేలమీద కూర్చుండిరట. వారు చేసిన సత్కార్యమదియొక్కటే యని మా యభిప్రాయము. యోబు దేవుని విడిచిపోలేదు, న్యాయమడుగుటయు మానలేదు. ఆ రెండును కలిసినదే అతని ఓర్పు.

ఇది గ్రంథములోని మాట. మన దేశమున జరిగినదానికి వత్తము. ఈ ప్రాంతపు క్రైస్తవుల సహనమును గూర్చి యడిగినచో ఎల్లరు మెదకు వైపు చూపుదురు. పాస్నెట్ దొర పూనికతో పది సంవత్సరములు కట్టబడి 1924 డిసెంబరు 25వ తేదీని ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయము చూడదగినదే. కాని రాతికట్టడపు ఓర్పు కంటికి కనబడును. కంటికి కనబడనిదానికై ఒంగోలు వెళ్లవలెను.

అమెరికా బాప్టిస్టులలో శామ్యూల్ డే అనునాయన 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను వారి మతమున చేరినవారు బహు కొలదిమంది. 1853లో దీనిని మూసివేయుదమా యని అమెరికాలోని వారి సంఘము తర్జనభర్జన పడెను. పటములో ఒంటరిగా నున్న చుక్కయని దీనికి పేరు. 1854 జనవరి 1వ తేదీని జూవెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండ యెక్కి ప్రార్థించిరి. జాన్ క్లౌ అక్కడ కాపురము పెట్టుటకు మఱి పండ్రెండేండ్లు పట్టెను. మిషను చరిత్రకారులు ఈ నిరీక్షణమును మిక్కిలి కొనియాడుదురు. కొనియాడదగినదే. అయినను వేచియున్నవారికి జీతమును, తిరిగిపోవుటకు ఓడయు ఉండెనని మఱవరాదు.

ఓడ లేనివారి ఓర్పు వేఱు. 1866లో ఎఱ్ఱగుంట్ల పేరయ్యయను మాదిగ బాప్తిస్మము పొందెను. ఆయన వెంట నడచినవారు తఱచుగా ఆయన కులమువారే. అగ్రవర్ణములవారు కొందఱు, మాదిగలను చేర్చుకొన్నచో తాము రాజాలమని సూచింపగా, క్లౌ మాదిగలనే చేర్చుకొనెను. ఊరికి చెప్పులును మోటకు తోళ్లును సమకూర్చుట, జాతరలో డప్పుకొట్టుట, చచ్చిన పశువును మోసికొనిపోయి తినుట, ఇవి తరతరములుగా ఆ కులమున కంటగట్టిన వృత్తిధర్మములు. క్రైస్తవులైనవారు చచ్చిన గొడ్డుమాంసమును ముట్టమనిరి, జాతరలో డప్పుకొట్టమనిరి, ఆదివారము పనికి రామనిరి. గ్రామపెద్దలు పనులు మాన్పించిరి, బెదరించిరి, కొట్టించిరి. వీరు తిరిగి కొట్టలేదు. డప్పును తిరిగి పట్టనులేదు.

నిన్నటివరకు డప్పుకొట్టుమన్నప్పుడు కొట్టినవానిని ఊరు "మంచివాడు, ఓర్పుగలవాడు" అని మెచ్చినది. అతడు నేడు కొట్టననగా "పొగరెక్కినది" అన్నది. నిజమునకు ఓర్పు మొదలైనది ఈ దినముననే గదా! నిన్న అతడు భరించినది తప్పించుకొన వీలులేక. నేడు భరించుచున్నది, ఒక్క మాటతో తప్పించుకొనగలిగియుండియు, ఆ మాట చెప్పనొల్లక.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కఱవు. క్లౌ పూర్వము భూమి కొలతపని నేర్చినవాడు. బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలితో వచ్చినవారికి, మతము అడుగక, కూలిపని యిచ్చెను. ఆ కఱవులో బాప్తిస్మము కోరినవారు వేలకొలది. ఆయన ఏడాదికి పైగా ఎవ్వరికిని ఇయ్యలేదు. కూటికొఱకు మతము మార్చిరను మాట రాకూడదని. కఱవు తీఱి, సహాయము నిలిచిపోయిన తరువాతనే ఆరంభించెను. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ నిరాకరణమును గూర్చి మాకు రెండు మనస్సులున్నవి. ఆకలిగొన్నవాని భక్తిని శోధించు అధికారము నిండిన కడుపునకు కలదా? కాని ఆయన అన్నమును శోధనకు పెట్టలేదు; అన్నమందఱికి నిచ్చి, తన సంఘము పెరుగుటనే ఆపుకొనెను. ఇతరులకు ఓర్పు నేర్పవచ్చినవాడు నష్టము తనవైపు వేసికొన్న సందర్భములు చరిత్రలో అరుదు. కావున ఈ విషయమున ఆయనను గౌరవింతుము.

ఇంగ్లీషులో ఓర్పుగలవానిని పేషెంటు అందురు, రోగినియు పేషెంటే యందురు. రెండునూ బాధపడుట యను లాటిను మాటనుండి వచ్చినవి. నిజామాబాదు దగ్గఱ డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో కుష్ఠరోగులకు ఆసుపత్రి స్థాపించెను. రాజా నర్సాగౌడు దానికి విరివిగా ధనమిచ్చెను. ఆ కాలపు మందు చాల్‌మూగ్ర జాతి నూనె. దానిని సూదితో ఎక్కించినప్పుడు మిక్కిలి నొప్పి. అదియు ఏండ్ల తరబడి ఎక్కించుకొనవలసినది. ఊరిబయట కూర్చుండి కర్మమనుకొన్న కుష్ఠరోగియు ఓర్చినాడే, వారము వారము చేయి చాచి సూదికి ఒప్పుకొన్నవాడును ఓర్చినాడే. ఆ రెంటికి నొకటే పేరు పెట్టుట మన భాషల పేదఱికము.

అట్లని ప్రతి దుఃఖమునకును అర్జీ వ్రాయవచ్చునని మేమనము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి, మందులేని రోగమున పడినవానికి, ఎవరిమీద వ్యాజ్యెము? అచ్చట మౌనముగా భరించుట తప్ప వేఱు మార్గము కానరాదు. క్రైస్తవులు తమ ప్రభువు సిలువబాధను తలచుకొనునది అట్టి ఘడియలోనే. మనము చేయు మోసమేమన, మనిషి చేసిన అన్యాయమును పిడుగుపాటుతో జమకట్టి, దానికిని ఇదే మౌనమును విధించుట. యంత్రమునకు కాపుకమ్మి లేకుండుట పిడుగుపాటు కాదు.

మూడు వారములు గడచిన తరువాత మేమే ఆమెను పిలిపించి అర్జీ వ్రాసితిమి. అందుకై చట్టమును చదివినప్పుడు ఒక నిబంధన కనబడినది: 1923 నాటి పరిహారచట్టము ప్రకారము ప్రమాదము జరిగిన రెండేండ్లలోపల దావా వేయవలెను. ఆమె మా యొద్దకు వచ్చునప్పటికి పదునెనిమిది మాసములు గడచియుండెను. మా ఉపదేశమును ఆమె భక్తితో పాటించియుండినచో ఏమగునో లెక్కవేసి ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

వాయిదాలు చాల పడినవి. మూడవ వాయిదాకు మేమును ఆమెతో వెళ్లితిమి. అధికారి ఆ దినమున సెలవు. మేము విసుగుకొని గొణుగుచుండగా, ఆమె సంచిలోనుండి జొన్నరొట్టె తీసి, మాకు సగము పెట్టి, తరువాతి వాయిదా తేదీ కాగితముమీద వ్రాసియిమ్మనెను. వ్రాసియిచ్చితిమి. దానిని మడిచి బైబిలులో పెట్టుకొని, "ఆ దినము గూడ వస్తరా సారూ?" అని యడిగెను.