ఆహారమున శుచి, మితి

ఆహారశుద్ధికిని అంతఃకరణశుద్ధికిని గల సంబంధమును ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది. అచ్చటి ఆహారశబ్దమునకు శ్రీ శంకరులు ఇంద్రియములచే గ్రహింపబడు విషయములని అర్థము చెప్పిరి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున దానిని భుజించెడి అన్నముగనే గ్రహించిరి. భక్తికి సాధనములైన ఏడింటిలో మొదటిది వివేకము. జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము లేని అన్నముచే దేహమును శుద్ధము చేసికొనుటయే వివేకము.

గోదావరీ మండలమందలి వైష్ణవ గృహములు ఈ శుచిని తరతరములుగా కాపాడుకొనుచున్నవి. నరసాపురమున శ్రీ ఆదికేశవ ఎంబెరుమన్నారును సేవించు కుటుంబములలో, మడితో వండి, స్వామికి ఆరగింపు చేసినగాని విస్తరిముందు కూర్చుండని పెద్దలు నేటికిని గలరు. అట్టి యిండ్లలోనికే మధుమేహమును రక్తపుపోటును ప్రవేశించుచున్నవి. స్వామికి నివేదించిన అన్నము దేహమునకు కీడు చేయునా యని పలువురకు సందేహము.

ఈ సందేహము ఊరక కలిగినది కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, 2004 అక్టోబరుతో ముగిసిన యొక సంవత్సరమున సంభవించిన మరణములను వైద్యపరిశోధకులు పరిశీలించిరి. వానిలో మూడింట ఒక వంతుకు దగ్గరగా గుండెజబ్బు, పక్షవాతము మొదలగువానివలన కలిగినవే. అదే కార్యక్రమమున 20 గ్రామములలో ముప్పది యేండ్లు నిండినవారిని పరీక్షింపగా, నూటికి 13 మందికి మధుమేహము కనబడెను. ఇది పల్లెల మాట.

ఇట్లేల జరిగెను? 1832-33 నాటి నందన కరువును చూచిన తరమునకు ఆకలియే పరమశత్రువు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా అన్నపూర్ణ యయ్యెను. అతిథి వలదన్నను కొసరి కొసరి వడ్డించుట ఆకలి నెరిగిన జాతికి సహజమైన దయ. నాడు తిన్నది దంపుడు బియ్యము. తిన్నవాడు పొద్దుగూకువరకు చేలో పనిచేసినవాడు. నేడు బియ్యము మరలో తవుడు పోగొట్టుకొని తెల్లనయ్యెను, ఒంటికి పని తగ్గెను, వడ్డన మాత్రము తగ్గలేదు. 2022 సంక్రాంతికి నరసాపురమున ఒక కుటుంబమువారు కాబోయే అల్లునికి 365 రకముల వంటకములతో విందు చేసిన వార్త దేశమంతట ప్రచురితమయ్యెను. అందలి ప్రేమను శంకింప బనిలేదు. ప్రేమకు కొలత వంటకముల సంఖ్యయేనా యని మాత్రము విచారింపవలెను.

శుచి వేరు, మితి వేరు. నివేదనము అన్నమును పవిత్రము చేయును. దాని పరిమాణమును తగ్గింపదు. మన నైవేద్యమును స్వీకరించు స్వామియే గీత ఆరవ అధ్యాయమున, మిక్కిలి భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని సెలవిచ్చెను. ఉప్పు, పులుపు, కారము హెచ్చిన ఆహారము రాజసమనియు, రోగకారణమనియు పదునేడవ అధ్యాయమున చెప్పెను. రోజునకు ఉప్పు 5 గ్రాములు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన సూచనలలో చెప్పుచున్నది. ఊరగాయయు, అప్పడమును, చారును కలిసిన భోజనమున ఆ హద్దు ఎంత త్వరగా దాటుదుమో గృహిణు లెరుగుదురు.

ఏకాదశి సంగతియు ఇట్టిదే. అన్నము మాని, దానికి బదులుగా నేతితో ఉప్మాయు, దోసెలును, తీపి పదార్థములును రెండింతలు భుజించినచో అన్నము విడిచినట్లగునేమో గాని, జిహ్వను జయించినట్లు కాదు.

ప్రసాదమును వలదనుట అపచారము, విస్తరిలో విడుచుట అంతకన్న అపచారము. కావున నిగ్రహము విస్తరిలో గాక, వడ్డించు గరిటెలోనే యుండవలెను. ఆలయమున అరచేతిలో పట్టినంత ప్రసాదముతోనే భక్తుడు ధన్యుడగుచున్నాడు గదా! అతిథి చాలునన్నప్పుడు ఆ మాటను మన్నించుట నేటి గృహస్థునకు మర్యాద. మధుమేహముగల బంధువునకు పాయసము బలవంతముగా వడ్డించుట ప్రేమ కాదు.

చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరమని విశిష్టాద్వైతము. అట్లగుచో ఈ దేహము మన సొత్తు కాదు; కైంకర్యమునకై స్వామి మనకు అప్పగించినది. దానిని చెడగొట్టు నధికారము మనకు లేదు. శుచితో వండి, మితముగా భుజించి, మిగిలిన శక్తిని సేవకు వినియోగించు భాగ్యమును అంతర్వేది శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఎల్లరకు ననుగ్రహించుగాక!