చదవలేకపోయాను అని చెప్పడం

ఫోన్‌లో పాత ఫొటో ఒకటి తెరుస్తాం. రెప్పపాటులో వచ్చేస్తుంది. ఎక్కడో భద్రంగా ఉన్నదాన్ని తీసి చూపించింది అనుకుంటాం. లోపల జరిగేది అంత సాఫీ వ్యవహారం కాదు. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గడిలో కొన్ని ఎలక్ట్రాన్లని బంధించి పెడతారు. ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టి ఆ గడి విలువ. తోషిబాలో ఫుజియో మసువోకా 1980లలో దీన్ని కనిపెట్టినప్పుడు గడికి ఒకే బిట్: ఉందా, లేదా. ఇవాళ చవకరకం డ్రైవుల్లో గడికి నాలుగు బిట్లు కుక్కుతున్నారు. అంటే ఒక గడిలో 16 మట్టాలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఎలక్ట్రాన్లేమో మెల్లగా జారిపోతుంటాయి, వేడికి ఇంకా తొందరగా. పక్క గడిలో రాసినా, పదే పదే చదివినా మట్టం కదులుతుంది. చదవడం కూడా చెరపడంలో భాగమే అన్నమాట. దీని మీద కవిత రాసుకునేవాళ్ళు రాసుకోవచ్చు, నేను ముందుకెళ్తా.

జెడెక్ ప్రమాణం ప్రకారం మామూలు వినియోగదారుల ఎస్‌ఎస్‌డీ తన రాతల పరిమితి పూర్తయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది నిలిస్తే చాలు. మన మే నెల బీరువాల్లో 30 డిగ్రీలు ఎక్కడ?

కాబట్టి చిప్ నుంచి వచ్చే ముడి డేటాలో తప్పులు మామూలే. వాటిని దిద్దే విద్య ఫ్లాష్ కంటే పాతది. 1947 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ వారాంతానికి రిలే కంప్యూటర్‌కి పని అప్పగించి వెళ్ళేవాడు. సోమవారం వచ్చి చూస్తే, ఎక్కడో తప్పు దొర్లిందని యంత్రం ఆ పనిని వదిలేసి ఇంకోటి అందుకుని ఉండేది. తప్పుందని పట్టుకోగలిగిన యంత్రం, అదెక్కడుందో ఎందుకు చెప్పదన్నది ఆయన చిరాకు. 1950లో అచ్చయిన హామింగ్ కోడ్ ఆ చిరాకు ఫలితం. తర్వాత ఫ్లాష్‌లో చాలాకాలం రాజ్యమేలిన బీసీహెచ్ కోడ్‌లో ‘బీ’ అంటే ఆర్.సి. బోస్. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మనిషి. అక్కడే ఆయనతో పనిచేసిన మన సి.ఆర్. రావు 1940లలో ప్రయోగాల రూపకల్పన కోసం కట్టిన ఆర్థోగోనల్ ఎర్రేలూ, ఈ కోడ్‌లూ ఒకే గణితానికి రెండు ముఖాలని తర్వాత తేలింది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎల్‌డీపీసీ. రాబర్ట్ గాలగర్ 1960ల మొదట్లో రాస్తే ముప్పై ఏళ్ళు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

వీటన్నిటికీ మూలం ఒకటే. డేటా రాసేటప్పుడే, ఆ డేటాలోంచే లెక్కకట్టిన కొన్ని అదనపు బిట్లు పక్కన రాసిపెడతారు. తర్వాత ఏ బిట్ చెడినా మిగతావి సాక్ష్యం చెప్తాయి. సాక్ష్యం చాలకపోతే కంట్రోలర్ కొలిచే మట్టాన్ని కొంచెం జరిపి మళ్ళీ చదువుతుంది, ఇంకా కొంచెం జరిపి మళ్ళీ చదువుతుంది, ఒక్కో బిట్ మీద ఎంత నమ్మకముందో కూడా లెక్కేసుకుంటుంది. అప్పటికీ తేలకపోతే ‘చదవలేకపోయాను’ అని ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది. ఈ ఊరుకోవడం నాకు మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే గౌరవించదగ్గ పనిగా కనిపిస్తుంది.

పద్యం తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు. ఉత్పలమాలలో పదో అక్షరం యతి, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస. వ్రాయసకాడు తాటాకు మీద ఒక అక్షరం జారవిడిస్తే గణం తప్పుతుంది, పరిష్కర్తకి దొరికిపోతుంది. ఛందస్సు అందుకోసం పుట్టలేదు గానీ ఆ కాపలా కూడా కాసింది. అయితే గణం తప్పిందని తెలియడం వేరు, పోయిన అక్షరం ఏదో తెలియడం వేరు. ఆ చోట యతి కుదిరే మాటలు నాలుగైదు ఉండొచ్చు. మంచి పరిష్కర్త ప్రతులు పక్కపక్కన పెట్టి చూస్తాడు, తేలకపోతే పాఠాంతరాలిచ్చి వదిలేస్తాడు. పాండిత్యం మరీ ఎక్కువైనవాడు తనే పూరిస్తాడు. పూరణ బావుంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇక ఛందస్సు కూడా దాన్ని పట్టుకోలేదు. కోడ్‌లలోనూ ఈ జబ్బుంది, మిస్‌కరెక్షన్ అంటారు. తప్పులు మోతాదు మించితే డీకోడర్ ఇంకో నియమబద్ధమైన మాట దగ్గరికి చేరి, అంతా బావుందని చెప్పేస్తుంది. అది జరక్కుండా పైన ఇంకో తనిఖీ పెడతారు.

మా ఇంట్లో ఏళ్ళ తరబడి సొరుగులో పడున్న మెమరీ కార్డులో తాతయ్య ఫొటో ఒకటి సగం దొరికింది. నుదురు, కళ్ళు ఉన్నాయి. ముక్కు కిందనుంచి బూడిదరంగు. పిన్ని కొడుకు దాన్ని ఏదో ఏఐ యాప్‌లో వేసి నింపేశాడు. తాతయ్య పళ్ళు కనిపించేలా నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్విన ఫొటో ఇంకొకటి లేదు. అదే అంటే పిన్ని, “నవ్వితే ఏమైందిరా, బావుంది కదా” అంది.

డీకోడర్ చేసేది కూడా సంభావ్యత లెక్కే కదా, ఏఐ మీదే ఎందుకు పడతావు అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ డీకోడర్‌కి సాక్ష్యం ఆ ఫొటోలోంచే, ఆ ఫైలు రాసిన క్షణంలోనే వచ్చింది. యాప్‌కి సాక్ష్యం తాతయ్యని ఎన్నడూ చూడని లక్షల ముఖాల్లోంచి వచ్చింది. పైగా దానికి ‘చదవలేకపోయాను’ అనే మాట రాదు. మనుషుల జ్ఞాపకం కూడా నింపుకుంటుంది, నిజమే. పిన్ని మనసులో ఆయన నవ్వితే, అది ఆమె ఆయనతో బతికిన ఏళ్ళ లెక్కలోంచి వచ్చిన నవ్వు. ఆమెతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా ఆ ఫొటోలో ఎక్కడిదాకా తాతయ్యో, ఎక్కడినుంచి యాపో గుర్తు లేకపోవడంతోనే. పిన్ని మనవలకి ఆ గీత ఎవరు చూపిస్తారు?

ఇప్పుడు ఫోన్ కెమెరాలు ఫొటో తీసేటప్పుడే ఈ పని మొదలుపెట్టాయి. చీకట్లో లేని వివరాలు తెస్తున్నాయి, ముఖాలు నునుపు చేస్తున్నాయి. ఆ తర్వాత ఆ ఫైలు చుట్టూ ఎల్‌డీపీసీ కాపలా మొదలవుతుంది. ఒక్క బిట్ కూడా చెడకుండా అది కాపాడుతుంది, తనకి ఇచ్చినదాన్ని.