కొండ దిగే విద్య

తిరుమలకు 1944లో ఏర్పడిన మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వచ్చిన తరువాత, కొండ దిగేవారికి ప్రత్యేకమైంది. రాకపోకల సౌకర్యం కోసమే చేసిన ఏర్పాటైనా, ఆరోహణ అవరోహణలు రెండూ వేర్వేరు విద్యలన్న సత్యం అందులో అప్రయత్నంగానే గోచరిస్తుంది. ఎక్కేటప్పుడు మలుపు మలుపునా గోవింద నామం మారుమోగిన బండిలోనే, దిగేటప్పుడు, గుండు మీద పూసుకున్న చందనం ఆరకముందే, లడ్డూల సంచి ఒడిలో ఉండగానే, సెల్‌ఫోన్లు మోగడం మొదలవుతుంది. సమాధి నుండి వెలుపలికి మరలే చిత్తస్థితిని యోగశాస్త్రం వ్యుత్థానమన్నది. సాధకుడు ఎక్కువగా జారేది అక్కడే.

వాలులో బండిని ఎవరూ తోలనక్కరలేదు. తన బరువే తనను తోలుతుంది. జన్మాంతర వాసనలు జీవుణ్ణి ఈడ్చే తీరు అచ్చంగా ఇదే. అనుభవం చాలని చోదకుడు ఆ వేగానికి బెదరి, కాలు బ్రేకు మీదనే ఆనించి ఉంచగా, లైనింగులు కాగి, కమురు వాసన కొట్టి, ఎంత తొక్కినా పట్టు చిక్కని ఘడియ వస్తుంది. ఎరిగినవాడు వాలు మొదలు కాకమునుపే సెకండ్ గేరుకు మార్చుకుని, ఇంజను సన్నగా మూలుగుతూ చక్రాలను తానే నిలువరిస్తుండగా, మలుపు దగ్గర మాత్రం బ్రేకును కాస్త తాకి వదిలేస్తాడు. ఇంద్రియాలను హఠంగా తొక్కిపట్టే నిగ్రహానికీ, లోపలి నుండి ఉదయించే సంయమానికీ గల భేదమంతా ఇందులో ఉన్నది. విషయాలకు దూరమైనవానికి వాటి మీది రుచి మిగిలే ఉంటుందని గీత రెండవ అధ్యాయం హెచ్చరించినది ఆ మొదటివాని గురించే. యముడు నచికేతునకు ఉపదేశించిన రథకల్పనలో బుద్ధి సారథి, మనస్సు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ఆ రథాన్ని ఆపడానికి వేరే సాధనమేదీ చెప్పబడలేదు. లాగే గుర్రమే, పగ్గానికి లోబడి, ఆగే గుర్రం కావలసి ఉన్నది. కొండపైకి మోసుకువెళ్ళిన ఇంజనే దిగేవేళ నిలువరించే శక్తి అయినట్లు, భగవంతుని వైపు నడిపించిన భక్తియే లోకంలోకి మరలినవేళ కట్టుగా నిలువవలెను. కొత్త కట్టుబాటును వెలుపలి నుండి తెచ్చి తగిలిస్తే అది కాగిపోతుంది.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాదం మరొకటి ఉన్నది. ఇంధనం కలిసివస్తుందని కొందరు ఇంజను ఆపివేసి, న్యూట్రల్‌లో బండిని వాలుకు వదిలేస్తారు. చప్పుడు లేదు, కుదుపు లేదు, చూడబోతే పరమశాంతి. అయితే బ్రేకుకు బలమిచ్చే సహాయం ఇంజను నుండే అందుతున్నది గనుక, అది ఆగిన తరువాత రెండు మూడు తొక్కుళ్ళకే పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. రాగమూ లేదు, ద్వేషమూ లేదు, అన్నీ వదిలేశామని చెప్పుకునే ఉదాసీనతలో అధికభాగం ఈ జాతిదే. సత్త్వం ధరించే నిశ్చలత్వాన్ని తమస్సు కూడా ధరించగలదు. వాలు కనబడనంతవరకు రెండింటినీ వేరుచేయడం పండితులకూ దుష్కరం. నిజమైన వైరాగ్యంలో యంత్రం ఆగదు. చక్రానికీ దానికీ సంబంధం ఒక్క క్షణమైనా తెగదు.

అలిపిరి దగ్గర వాలు తీరి నేల సమతలమైన తరువాత గాని ఎరిగిన సారథి గేరు మార్చడు. ఒడిలోని సంచి నుండి నెయ్యి, ఏలకుల పరిమళం అప్పటికింకా వస్తూనే ఉంటుంది.