సున్నం కింద చెమ్మ



బెంగళూరు చిక్కపేటలో పట్టుచీరల అంగళ్లు ఎన్నో, వాటి వెనుక సందుల్లోనూ మిద్దెల మీదనూ కాపురాలు అన్ని. గోడకు గోడ ఆనించి కట్టిన ఇండ్లలోనికి ఎండ రాదు. జూన్ మొదలుకొని అక్టోబరు దాకా వానలు. గోడలకు చెమ్మ దిగుతుంది, చెమ్మ వెంట నల్లని బూజు మచ్చలు.

మా పై వాటా ఖాళీ అయినప్పుడు నేను సున్నం కొట్టించాను. తెల్లని గోడలు చూచి ఒక కుటుంబం అడ్వాన్సు ఇచ్చి దిగింది. వానలు పట్టగానే మచ్చలు తిరిగి వచ్చాయి. వారి నాలుగేండ్ల పాపకు రాత్రుళ్లు దగ్గు, పిల్లికూతలు. ఆ గోడ వల్లనే వచ్చాయని నేను చెప్పలేను. అయితే చెమ్మ, బూజు ఉన్న ఇండ్లలో దగ్గు, ఉబ్బసం ఎక్కువగా కనబడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించింది. బూజు కంటికి కనబడని బీజాలను గాలిలోనికి వదులుతుంది. చెమ్మ ఉన్నంత కాలం అది పోదు.

వారు అడగలేదు, నేను చెప్పలేదు. ఇది అబద్ధమా?

లేవీయకాండము 14వ అధ్యాయం ఇంటి గోడలకు పట్టే పొడను గూర్చి చెబుతుంది. అక్కడ మొదట నోరు తెరవవలసినవాడు ఇంటి యజమానుడే. తన ఇంట మచ్చ కనబడిందని తానే యాజకునితో చెప్పాలి. యాజకుడు లోనికి రాకముందే సామాను బయట పెట్టించాలి. ఇంటనున్న వస్తువులు అపవిత్రం కాకూడదని ఆ జాగ్రత్త. ఏడు దినములు ఇల్లు మూయాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీయాలి, గోడ గీకాలి. క్రొత్త పూత అటు తరువాతనే. నేనైతే గీకకుండానే పూశాను.

అడగలేదన్న మాట నన్ను విడిపించలేదు. గోడ సంగతి తెలిసినవాడను నేనొక్కడినే. గాలి పీల్చేవారు వారు. తెలిసినవాడు మౌనంగా ఉంటే తెలియనివాడు మూల్యం చెల్లిస్తాడు.

వారితో ఒప్పుకొన్నాను. మిద్దె పగులు పూడ్పించి, కారుతున్న పైపు మార్పించి, గోడ గీకించి, ఆరిన తరువాత పూయించాను. ఆ రెండు నెలలు బాడుగ తీసుకోలేదు. నష్టమే. కాని ఆ మెట్లెక్కి వారి ముఖం చూడగలుగుతున్నాను.

బాడుగకున్నవారికీ ఒక మాట. ఖాళీ చేయమంటారేమోనని చెమ్మను బీరువా చాటున దాచకండి. చెప్పండి. చెప్పినవారిని వెళ్లగొట్టని యజమానులముగా మనముందుము గాక.